నాటించుకునే ముందు ఒక ఏడాది: జుట్టు మందులతో నా అనుభవం

మాది రాయగడ. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడి మాత్రం ఒడియాలో చదివాను. 2022 వానాకాలంలో నాకు మలేరియా వచ్చింది. మా జిల్లాలో మలేరియా కొత్తేమీ కాదు గానీ నాకు బాగా ముదిరింది, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ ఆరు రోజుల్లో అమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది, పిల్లాడు లేచి తిరిగితే తలనీలాలు ఇప్పిస్తానని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. లేచి తిరిగాను. రెండున్నర నెలల తరవాత తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు, దిండు మీద జుట్టు, బాత్రూంలో నీళ్ళు పోయే కన్నానికి అడ్డంగా జుట్టు.

జ్వరం వల్లే అన్నారందరూ. అది కొంత నిజం. పెద్ద జ్వరం వచ్చినప్పుడు పెరుగుతున్న జుట్టులో చాలా భాగం ఒక్కసారిగా పెరగడం మానేస్తుంది, అలా రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి అప్పుడు ఊడుతుంది, అందుకే జ్వరానికీ ఊడటానికీ మధ్య అంత ఎడం. అలా ఊడినది మళ్ళీ మొలుస్తుంది. నాకూ మొలిచింది, చెవుల పైన, తల వెనకాల. కణతల దగ్గరా, సుడి దగ్గరా మాత్రం మొలవలేదు. అది జ్వరం పని కాదని తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఈ ఏడాదిన్నరే నాకు ఇప్పటికీ బాధ, ఎందుకంటే ఆ రోజుల్లో పోయిన జుట్టులో కొంత నిలబడేది.

ఆ ఏడాదిన్నరలో ఏం చేశానంటే, అమ్మ గుంటగలగరాకు కాచిన నూనె రాసింది, మందారాకు రుబ్బి పెట్టింది, ఉల్లిపాయ రసం పెట్టుకుని ఆ వాసనతోనే షాపుకి వెళ్ళాను. అమ్మ చేతి నూనె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, తలకి హాయిగానే ఉండేది. కానీ మగవాళ్ళకి వంశంలో వచ్చే బట్టతలని నూనె ఆపలేదు. మా నాన్నకి ముప్పైకే నడినెత్తి ఖాళీ, అమ్మ వాళ్ళ నాన్నకీ అంతే. రెండు వైపుల నుంచీ నాకు వచ్చింది.

2023 దసరా వెళ్ళాక ఇక ఆగలేక రైలెక్కి ఒక పెద్ద ఊళ్ళో హెయిర్ క్లినిక్‌కి వెళ్ళాను. పేరు రాయను. ఏసీ గదిలో ఒకాయన నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, నుదుటి మీద పెన్నుతో గీత గీసి, ఇదిగో ఇక్కడి దాకా తెస్తాం, మూడు వేల గ్రాఫ్టులు (తల వెనక నుంచి కుదురుతో సహా తీసి నాటే జుట్టు ముక్కలు) పడతాయి, ఇవాళే బుక్ చేసుకుంటే తగ్గింపు, మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు అన్నాడు. ఆయన డాక్టరనే అనుకున్నాను. కాదు, కౌన్సిలరట. నా తల తాకి కూడా చూడలేదు. ఎన్నేళ్ళ నుంచి ఊడుతోంది, ఏం మందులు వాడావు, ఒక్క ప్రశ్న లేదు. అయిదు వేలు అడ్వాన్స్ కట్టి వచ్చేశాను, ఆ గీత అద్దంలో అంత బాగా కనిపించింది మరి. ఆ అయిదు వేలు మళ్ళీ నా చేతికి రాలేదు.

ఇంటికొచ్చి చెబితే మా బావ, అంటే అప్ప మొగుడు, విజయనగరంలో ఉంటాడు, ఫోన్లో గట్టిగానే అన్నాడు: "ఒరేయ్, కత్తి పట్టుకునేవాడు ఎవడో చూసుకోకుండా డబ్బు కట్టేశావేంట్రా! ముందు చర్మం డాక్టరుకి చూపించు, తరవాత సంగతి తరవాత." ఈ ఆపరేషన్ ఎవరు చెయ్యాలో, టెక్నీషియన్ ఎంతవరకు సాయం పట్టాలో 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనలు కూడా ఇచ్చింది. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే కుదరదని అందులోనే ఉంది. అది నాకు ఆ తరవాత తెలిసింది.

2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పేరు కూడా రాయను, కానీ ఆ రోజు ఆవిడ నాకు ఇచ్చిన అరగంటకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. చిన్న లైటున్న భూతద్దం తల మీద పెట్టి, తెర మీద నాకే చూపించారు. సుడి దగ్గర ఒక లావు వెంట్రుక, పక్కనే దారప్పోగు లాంటి సన్న వెంట్రుక, దాని పక్కన ఇంకా సన్నది. వెనక భాగంలో అన్నీ ఒకే లావు. "చూశావా బాబూ, ఈ సన్నవి ఇంకా చచ్చిపోలేదు, చిక్కిపోతున్నాయి. వీటిని ముందు నిలబెట్టాలి" అన్నారు. థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి పరీక్షలు రాశారు. డి ఒక్కటే తక్కువ వచ్చింది, దానికి గుళికలు ఇచ్చారు. అయితే జుట్టు చిక్కిపోవడానికి అది కారణం కాదని అప్పుడే చెప్పేశారు. ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ కొంత డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుతుంది, మా వంశంలో నడినెత్తి కుదుళ్ళకి ఆ డీహెచ్‌టీ పడదు, ప్రతిసారీ మొలిచే వెంట్రుక ముందరిదాని కంటే సన్నగా, పొట్టిగా మొలుస్తుంది. వెనకా పక్కలా ఉన్న కుదుళ్ళకి అది పెద్దగా తగలదు. అందుకే అక్కడివి తీసి ముందు వైపు నాటుతారు.

మరి నాకు నాటేయండి అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ చెప్పింది నా మాటల్లో రాస్తాను. నాటిన జుట్టు ఉండిపోతుంది, దాని చుట్టూ ఉన్న నీ సొంత జుట్టు మాత్రం ఊడుతూనే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళకే నుదుటి గీత నింపేస్తే, ముప్పై ఆరుకి ఆ గీత వెనకాల ఖాళీ వస్తుంది. అప్పుడు మళ్ళీ నాటాలి, మళ్ళీ వెనక నుంచే తీయాలి. వెనక తీసిన చోట తిరిగి మొలవదు, ఉన్నది జీవితం మొత్తానికి అంతే. కాబట్టి ముందు ఊడటం ఎంత ఆగుతుందో ఒక ఏడాది చూద్దాం, అప్పుడు ఎన్ని కావాలో లెక్క తేలుతుంది. మా తాత గెడ్డ ఒడ్డున పొలం చేసేవాడు, గట్టు కోసుకుపోతుంటే ముందు గట్టు కట్టేవాడు, నాట్లు ఆ తరవాతే. ఆవిడ మాట నాకు అలాగే అర్థమయింది.

రాసిన మందులు రెండే. ఫినాస్టెరైడ్ ఒక మిల్లీగ్రాము మాత్ర రోజుకొకటి, మినాక్సిడిల్ అయిదు శాతం మందు ఉదయం ఒక మిల్లీలీటరు, రాత్రి ఒక మిల్లీలీటరు. రెండూ మొదట వేరే జబ్బులకి పుట్టిన మందులే. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర, అది మింగినవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు రావడం చూసి తలకి రాసే మందు చేశారు. ఫినాస్టెరైడ్ అయిదు మిల్లీగ్రాములది ప్రోస్టేట్ వాపుకి, ఒక మిల్లీగ్రాముది 1997లో అమెరికాలో బట్టతలకి అనుమతి పొందింది. ఇది డీహెచ్‌టీ తయారవడాన్ని తగ్గిస్తుంది. అయిదేళ్ళు వాడినవాళ్ళ మీద చేసిన పరిశీలనలో నడినెత్తి దగ్గర పదిమందిలో తొమ్మిదిమందికి ఉన్నది నిలబడింది లేదా కొంచెం పెరిగింది, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా ఊడింది. ఆ లెక్క డాక్టరుగారు కాగితం మీద రాసి ఇచ్చారు, దాన్ని పర్సులో పెట్టుకు తిరిగాను.

చెడ్డ వైపు కూడా అంతే స్పష్టంగా చెప్పారు. కొద్దిమందికి కోరిక తగ్గుతుంది, అంగస్తంభన ఇబ్బంది వస్తుంది, ఇది నూటికి ఒకరిద్దరికి. కొందరికి మనసు బాగోకపోవచ్చు, దిగులుగా ఉంటుంది. ఏం వచ్చినా సిగ్గుపడకుండా ఫోన్ చెయ్యమన్నారు. అది చెప్పడం ఎంత మంచిదయ్యిందంటే, రెండో నెలలో నాకు కోరిక బాగా తగ్గినట్టు అనిపించింది. నిజంగా మందు వల్లా, ముందే విన్నానని భయంతోనా అన్నది నాకు తేలలేదు. వారం రోజులు ఎవరికీ చెప్పలేక టెన్షన్‌తో నిద్ర లేదు. చివరికి ఫోన్ చేశాను. మూడు వారాలు ఆపమన్నారు, తరవాత రోజు విడిచి రోజు మొదలుపెట్టమన్నారు. మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. మగపిల్లలు ఈ సంగతి నోరు తెరిచి చెప్పరు. చెప్పకుండా మందు మానేస్తారు, లేదా చెప్పకుండా బాధపడుతూ వాడతారు, రెండూ వద్దు.

ఇక్కడ ఇంకో సంగతి. మా ఊరి మెడికల్ షాపులో ఒక మిల్లీగ్రాము మాత్ర ఒక్కోసారి దొరికేది కాదు. షాపతను అయిదు మిల్లీగ్రాములది కొని నాలుగు ముక్కలు చేసుకోమన్నాడు, చవక కూడా. సరిగ్గా అప్పుడే మా అప్ప పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది, ఆరో నెల. నా గదిలో సర్దేది, నా బట్టలు మడతపెట్టేది తనే. ఫినాస్టెరైడ్ మాత్ర విరిగిందో పొడయిందో దాన్ని గర్భిణి తాకకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే అంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చు. పూత ఉన్న మాత్ర విరగకుండా ఉంటే ఆ భయం లేదు. కాబట్టి ముక్కలు చెయ్యలేదు, విశాఖ నుంచి ఒకేసారి మూడు నెలలకి తెప్పించుకుని బీరువా పై అరలో పెట్టాను. అప్పకి ఎందుకో చెప్పాను కూడా. తనకి పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఈ మాత్ర వేసుకుంటూ రక్తం కూడా ఇవ్వకూడదు, చివరి మాత్ర తరవాత కనీసం నెల ఆగాలి, ఎందుకంటే ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో తెలియదు. మా కుర్రాళ్ళు పెట్టిన శిబిరంలో నేను ఆ మాటే చెప్పి పక్కన కూర్చుని పేర్లు రాశాను.

మినాక్సిడిల్‌తో నా గొడవ వేరు. మూడో వారం నుంచి జుట్టు మునుపటి కంటే ఎక్కువ ఊడింది. ముందే చెప్పారు, పాత వెంట్రుకని తోసి కొత్తది వస్తుందని, ఒకటి రెండు నెలలు ఉంటుందని. చెవులతో వినడం వేరు, దువ్వెనలో చూడటం వేరు. అమ్మ ఏడ్చింది. "ఏటి నాయనా, డబ్బెట్టి మరీ ఊడగొట్టుకుంటున్నావు" అంది. ఆపేద్దామనే అనుకున్నాను, బావ ఆపనివ్వలేదు. పదో వారానికి తగ్గింది. ఇంకోటి, ఆ మందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం నాకు పడలేదు, తలంతా దురద, పొట్టు. అది లేని నురగ మందు ఇచ్చారు, కొంచెం ఖరీదు, దురద పోయింది. రాత్రి మందు పడుకునే ముందు కాదు, రెండు గంటల ముందే రాసుకుని ఆరనివ్వాలి, లేకపోతే దిండుకి అంటి మొహానికి పాకుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు పిల్లికి విషం, నాకితే ప్రాణం మీదకి వస్తుంది. మా ఇంట్లో పిల్లి ఉండేది, రాసుకున్నాక దాన్ని ఒళ్ళోకి రానివ్వడం మానేశాను.

పీఆర్పీ అడిగాను. మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లున్న భాగం తలలోకి సూదితో ఎక్కిస్తారు. ఆవిడ కాదనలేదు, కొందరికి పనిచేస్తుంది, కానీ ఒక్కో చోట ఒక్కోలా చేస్తారు, నీ డబ్బు ఏడాది మందులకి పెట్టు, మిగిలితే చూద్దాం అన్నారు. మిగల్లేదు. నాకు రెండు మందులకీ కలిపి నెలకి పన్నెండు వందల దాకా అయ్యేది, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖకి నాలుగుసార్లు రైలు ఖర్చు వేరే.

ఒక్క పని మాత్రం అందరూ చెయ్యాలి. ఫోటోలు. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే టైముకి, పొడి జుట్టుతో, ముందు, పక్కలు, నడినెత్తి. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు, ఒక రోజు బాగున్నట్టు, ఒక రోజు అంతా పోయినట్టు ఉంటుంది. నాలుగో నెల ఫోటోకీ మొదటి ఫోటోకీ నాకు తేడా కనిపించలేదు, చాలా నిరాశపడ్డాను. ఎనిమిదో నెలలో సుడి దగ్గర తెల్లగా కనిపించే చర్మం తగ్గింది. పన్నెండో నెలలో, 2025 ఫిబ్రవరిలో, డాక్టరుగారు మళ్ళీ భూతద్దం పెట్టారు. సుడి నిలబడింది, సన్న వెంట్రుకలు కొన్ని లావయ్యాయి. కణతలు అలాగే ఉన్నాయి. నున్నగా అయిపోయిన చోట మందు మొలిపించదని ఆవిడ మొదటి రోజే అన్నారు, అలాగే అయింది. మందు మానేస్తే నిలబడిందీ కొన్ని నెలల్లో పోతుంది, నాటించుకున్నాక కూడా వాడుతూ ఉండాల్సిందే. ఇది తెలిసి మొదలుపెట్టండి.

అప్పుడు ఆవిడే నన్ను ఒక సర్జన్ దగ్గరికి పంపారు. ఆయన స్వయంగా నా తల చూశారు, వెనక జుట్టు ఎంత ఒత్తుగా ఉందో లెక్కపెట్టారు. సుడి ముట్టుకోనవసరం లేదు, కణతలకి పదిహేను వందలు చాలు అన్నారు. గీత కూడా ఆ క్లినిక్ ఆయన గీసినదాని కంటే వేలెడు పైన గీశారు, నలభై ఏళ్ళొచ్చినా మొహానికి నప్పేలా. ఒకప్పుడు మూడు వేలు అన్నారే, అందులో సగం. మిగిలిన సగం నా తల వెనకే ఉంది.

అమ్మ మొక్కు సంగతి అప్పుడే వచ్చింది. ఇన్నాళ్ళూ నేనే వాయిదా వేశాను, గుండు కొట్టిస్తే ఉన్నది కూడా మళ్ళీ రాదేమోనని భయం. ఇద్దరు డాక్టర్లనీ అడిగాను. గుండుకీ కుదుళ్ళకీ సంబంధం లేదన్నారు, గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందనేదీ నిజం కాదట, కత్తి చర్మం పైనే కోస్తుంది, కుదురు లోపల ఉంటుంది. పైగా ఆపరేషన్‌కి ఎలాగూ వెనక జుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి గుండు తరవాత అయిదు రోజులకి సరిగ్గా సరిపోతుంది, అప్పుడు రమ్మన్నారు సర్జన్‌గారు. గాట్లు పడిన తల మీద మినాక్సిడిల్ రాయొద్దు, ఆపరేషన్ దాకా ఎలాగూ ఆపెయ్, మాత్ర మాత్రం ఆపొద్దు అన్నారు.

అమ్మకి చెబితే మొదట నమ్మలేదు, డాక్టరే చెప్పాడా అని రెండుసార్లు అడిగింది. తరవాత ఇంట్లో అందరికీ తనే ఫోన్లు చేసింది. వచ్చే శనివారం రాత్రి రైలుకి నాకు, అమ్మకి, నాన్నకి టిక్కెట్లు తీశాను. అప్ప, బావ, పాప విజయనగరం నుంచి నేరుగా కొండకి వస్తారు. పాపకి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయిద్దామని బావ అన్నాడు.