గోల్ఫ్ ఆటకు ముందు వార్మప్: చెన్నై క్లబ్బులో నా అనుభవం

నిన్న చెన్నైలో గోల్ఫ్ టోర్నమెంటులో 18 హోల్స్, అంటే పద్దెనిమిది గుంతల ఆట ఆడి రాత్రికి నెల్లూరు చేరుకున్నాను. ఇవాళ తెల్లారి మంచం మీద నుంచి మామూలుగా లేచి, వంగి షూ లేసులు నేనే కట్టుకున్నాను. పోయినేడాది ఇలాంటి టోర్నమెంటే ఆడొచ్చిన మర్నాడు నడుము పట్టేసి, మా ఆవిడ చెయ్యి పట్టుకుంటే తప్ప బాత్రూము దాకా పోలేకపోయాను. కాబట్టి ఇవాళ నా సంతోషం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. దాంతోపాటు నిన్న పొద్దున ఆ క్లబ్బులో జరిగిన దానికి కడుపుమంట కూడా ఇంకా చల్లారలేదు. మన వైపు నుంచి గోల్ఫ్ ఆడటానికి పోయేవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడే రాసేస్తున్నాను.

నాది రొయ్యల మేత వ్యాపారం. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువుల చుట్టూ రోజంతా కారులో తిరుగుడే. యాభై దాటిన ఒళ్లు, గంటల తరబడి సీట్లో మడిచిపెట్టిన కాళ్లు. గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్లు పచ్చికలో షికారు చేసే ఆట అని మనవాళ్లు అనుకుంటారు. ఒక్కసారి ఆ కర్ర పట్టుకుని గట్టిగా ఊపి చూస్తే తెలుస్తుంది. భుజాలు, తుంటి మెలి తిరిగి, రెప్పపాటులో ఆ మెలి అంతా విడిపోతుంది. ఆ క్షణాన నడుము దగ్గర వెన్నుపూసల మీద ఒంటి బరువుకు ఎనిమిది రెట్ల దాకా ఒత్తిడి పడుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. సరదాకి ఆడేవాళ్లలో ఎక్కువగా దెబ్బతినేది నడుమే. ఫాస్ట్ బౌలరు వార్మప్ చేయకుండా బంతి పట్టుకుంటే ఏ కోచ్ కూడా ఊరుకోడు. గోల్ఫ్ దగ్గరకొచ్చేసరికి కారు దిగి, కాఫీ తాగి, గాల్లో రెండు ఊపులు ఊపి మొదలుపెట్టేస్తారు.

నడుము పట్టేశాక మొదట ఒక పెద్ద ఆస్పత్రికి పోయాను. పేరు రాయను. ఎక్స్‌రే తీశారు, ఎమ్మారై తీశారు, వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి "ఈ వయసులో ఆ ఆటలెందుకు సార్, వాకింగ్ చేసుకోండి" అన్నారు. నేనేం ఆడతానో, ఎలా ఆడతానో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. తర్వాత మా బావమరిది ఒక చిన్న క్లినిక్‌కి తీసుకుపోయాడు. అక్కడి ఫిజియోథెరపిస్టు మా అమ్మాయి వయసు పిల్ల. గోల్ఫ్ టీవీలో కూడా చూసి ఉండదు. అయినా "రేపు ఆ కర్ర తీసుకురండి అంకుల్, ఎట్లా కొడతారో చూడాలి" అంది. మర్నాడు చూడగానే విషయం తేల్చింది. నా తుంటి సరిగా తిరగడం లేదు. నడుము పూసలు సహజంగానే చాలా తక్కువ తిరుగుతాయి, తిరగాల్సింది తుంటి, వీపు పైభాగం. అవి బిగుసుకుపోతే ఆ భారమంతా నడుము మీద పడుతుంది. మీకు నొప్పి ఉంటే, ఆట మానేయమనే వాళ్ల దగ్గరకు పోకండి. మీరు ఆడేది కళ్లతో చూసి చెప్పేవాళ్ల దగ్గరకు పోండి.

ఆ అమ్మాయి ముందుగా ఒకటి మాన్పించింది. ఆటకు ముందు వంగి పాదాలు పట్టుకుని అట్లాగే నిమిషం పైన లాగి పట్టుకునే అలవాటు నాకుండేది. "అది ఆట అయ్యాక చేసుకోండి అంకుల్. ముందు అంతసేపు లాగితే కండరం కాసేపు పట్టు తగ్గుతుంది. ముందు చేసేవన్నీ కదులుతూ చేయాలి" అంది. మా చెరువుల దగ్గర జనరేటర్ స్టార్ట్ చేసిన వెంటనే ఏరియేటర్లన్నీ (నీళ్లలోకి గాలి పట్టించే యంత్రాలు) దాని మీద వేయం, కాసేపు ఉత్తగా నడవనిస్తాం. అదే పద్ధతి అని నాకు వెంటనే ఎక్కింది.

రోజూ పొద్దున మేడ మీద చేసింది ఇదీ. ఐదు నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత కర్రను నేలకు ఆనించి పట్టుకుని, ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ, ఆ తర్వాత పక్కలకీ, పదేసి సార్లు ఊపడం. కుర్చీలో కూర్చోబోయి లేచినట్టు నిదానంగా పది గుంజీలు. కర్రను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, ఒక కాలు ముందుకు వేసి, ఆ కాలి వైపుకి ఛాతీ తిప్పడం. ఇక్కడ నడుము తిప్పకూడదు, రొమ్ము ఎముక తిప్పుతున్నట్టు అనుకోవాలి, ఆ అమ్మాయి వేలుపెట్టి చూపించి మరీ చెప్పింది. చివర భుజాలు, మణికట్లు గుండ్రంగా తిప్పడం. అంతా కలిపి పది పన్నెండు నిమిషాలు. స్పెయిన్ ఆటగాడు మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ ఆటకు ముందు కర్రలు పట్టుకుని చేసే వార్మప్ వీడియోలు చాలామంది నవ్వుకుంటూ చూస్తారు. ఆయన 2014లో 50 ఏళ్ల వయసులో స్పానిష్ ఓపెన్ గెలిచి, యూరోపియన్ టూర్‌లో గెలిచిన అందరికంటే పెద్ద వయసువాడయ్యాడు. నవ్వేవాళ్లు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి.

"మన ఎండలకు వేరే వార్మప్ ఎందుకన్నా, నిలబడితేనే ఉడికిపోతాం కదా" అంటారు మా ఫ్రెండ్స్. ఎండకు వేడెక్కేది చర్మం. మూడు గంటలు కారులో మడిచిన తొడ కండరం రోహిణి కార్తెలో కూడా బిగుసుకునే ఉంటుంది. చెమట పట్టింది కదా అని మోసపోకండి.

ఇక నిన్నటి సంగతి. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరి, నాయుడుపేట దాటాక ఒకసారి, గుమ్మిడిపూండి దాటాక ఒకసారి కారు ఆపి, దిగి నడిచాను. రిజిస్ట్రేషన్, ఫీజు, స్కోర్ కార్డు, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) అన్నీ చకచకా అయిపోయాయి. నా టీ టైమ్, అంటే మొదటి దెబ్బ కొట్టాల్సిన సమయం, 8:10. చేతిలో గంట పైనే ఉంది.

నా లెక్క ప్రకారం రేంజ్‌లో (ప్రాక్టీసుకు బంతులు కొట్టుకునే చోటు) ముప్పై నలభై బంతులు కొట్టాలి. వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బల కర్ర) సగం ఊపులు, తర్వాత 8 ఐరన్ (మధ్య దూరాల ఇనుప కర్ర), ఆ తర్వాత డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే కర్ర), ఆఖరున మొదటి హోల్‌లో వాడబోయే కర్రతోనే రెండు. వంద బంతులు కొట్టి అలిసిపోవడం వార్మప్ కాదు. తీరా పోతే రేంజ్‌కి తాడు కట్టేసి ఉంది. కౌంటర్లో అడిగితే స్టార్టర్‌ని (ఆటగాళ్లను వరసగా పిలిచి ఆట మొదలుపెట్టించే మనిషిని) అడగమన్నారు. స్టార్టర్‌ని అడిగితే ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసులో "టోర్నమెంటు రోజు రేంజ్ ఉండదు, మెంబర్లకు ముందే చెప్పాం" అన్నారు. మరి గెస్టులకు ఎవరు చెప్పాలి? ఎంట్రీ ఫీజు మాత్రం మా దగ్గర మెంబర్ల కంటే ఎక్కువే తీసుకున్నారు.

సరే, ఒళ్లయినా కదిలిద్దామని కార్ పార్కింగ్ పక్కన చెట్టు నీడలోకి పోయి కాళ్లు ఊపడం మొదలుపెట్టాను. గుంజీల దగ్గరికి వచ్చేసరికి క్లబ్బు టై కట్టుకున్న ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నా కంటే చిన్నవాడే. "ఇది జిమ్ కాదు. మెంబర్ల ఫ్యామిలీస్ వచ్చే దారి. ఇలాంటివి ఇంట్లో చేసుకుని రావాలి" అని ఇంగ్లీషులో, వరండా అంతా వినపడేట్టు అన్నాడు. కాఫీ కప్పులతో కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు. వాళ్లలోంచి ఒక గొంతు తెలుగులో, "ఏం సార్, కబడ్డీకి వచ్చారా?" అంది. యాస చూస్తే మన ఒంగోలు వైపు మనిషే. అందరూ నవ్వారు. టై కట్టుకున్నాయన మాటకు నాకు కోపం వచ్చింది. మన మనిషి నవ్వినందుకు మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఎదుటివాడి ముందు మనవాణ్ని తక్కువ చేస్తే మనకేదో గొప్ప వస్తుందనుకునే ఈ జబ్బు ఎప్పటికి పోతుందో.

నేనేం మాట్లాడకుండా మొదటి టీ (మొదటి హోల్ ఆట మొదలుపెట్టే చోటు) పక్కకు పోయి, వెడ్జ్ తీసి రెండు చిప్‌లు, అంటే బంతిని కొంచెం లేపి కొట్టే చిన్న దెబ్బలు, కొట్టాను. వెంటనే ఇంకో అధికారి పరిగెత్తుకొచ్చాడు. "కోర్సు మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయాల్సి వస్తుంది" అన్నాడు. అంటే నా లెక్కలో రెండు దెబ్బలు అదనంగా కలుపుతారు. రూల్స్ పుస్తకం ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. మొదటి నుంచి చివరి దాకా చదివినవాణ్ని. 5.2బి రూల్ తీసి చూపించాను. స్ట్రోక్ ప్లే పోటీలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీ) రౌండుకు ముందు కోర్సు మీద ప్రాక్టీస్ చేయకూడదు, నిజమే. కానీ మొదటి టీ మీద గానీ దాని దగ్గర గానీ పుటింగ్ (బంతిని నేల మీద దొర్లించడం), చిప్పింగ్ చేసుకోవచ్చని అదే రూల్లో ఉంది. ఆయన పుస్తకం వైపు చూడను కూడా చూడలేదు. "ఇక్కడ లోకల్ రూల్ వేరే" అన్నాడు. పోటీ నడిపే కమిటీకి లోకల్ రూల్ పెట్టే అధికారం ఉంది, కాదనను. మరి అది ఎక్కడ రాసి ఉంది? స్కోర్ కార్డు వెనక లేదు, నోటీసు బోర్డులో లేదు. అడిగితే "నేను చెబుతున్నాగా" అన్నాడు. చెబితే రూల్ అయిపోతుందా? చివరికి పెనాల్టీ వేయలేదు, క్షమాపణా చెప్పలేదు. కర్ర బ్యాగులో పెట్టించి వెళ్లిపోయాడు.

ఇది చాలదన్నట్టు టీ టైమ్ వాయిదా. స్పాన్సర్ల గ్రూపు ఒకటి ఆలస్యంగా వచ్చి మా ముందు దూరింది. పది నిమిషాలన్నారు, తర్వాత ఇంకో పది, అదీ దాటింది. ఇక్కడ ఆటగాడికి పెద్ద చిక్కుంది. పిలిచినప్పుడు టీ దగ్గర లేకపోతే, ఐదు నిమిషాల లోపు ఆలస్యానికి రెండు స్ట్రోకుల పెనాల్టీ, అది దాటితే డిస్‌క్వాలిఫై. వాళ్ల ఆలస్యానికి ఏ పెనాల్టీ లేదు. నేను పక్కకు పోతే మాత్రం నా ఆట పోతుంది. ఉక్కపోతలో బెంచీ మీద కూర్చుంటే పొద్దున్నుంచి కదిలించిన తుంటి మళ్లీ బిగుసుకుంటున్నట్టు నాకే తెలుస్తోంది. పోయినేడాది నొప్పి గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది.

అప్పుడు మా క్యాడీ నోరు విప్పాడు. సరిహద్దు ఊరి కుర్రాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. "సార్, అట్లా కూర్చోవద్దు. మా షెడ్డు వెనక్కి రండి. పేరు పిలిస్తే నేను వింటాను, ముప్పై అడుగులే" అన్నాడు. వెనక పదిమంది క్యాడీలు టిఫిన్ తింటున్నారు. నన్ను చూసి టిఫిను బాక్సులు పక్కకు జరిపి చోటిచ్చారు. ఒక పెద్దాయన పట్టుకోవడానికని స్టూలు కూడా తెచ్చి పెట్టాడు. మా కుర్రాడు రెండు ఐరన్లు కలిపి నా చేతికిచ్చి, "మెల్లిగా సార్, మోకాళ్ల ఎత్తుకు మొదలుపెట్టండి" అన్నాడు. మోకాళ్ల ఎత్తు, తర్వాత నడుము ఎత్తు, తర్వాత భుజాల దాకా, గడ్డి అంచుల్ని తాకుతూ తాకుతూ ఊపించాడు. తర్వాత ఎడమచేతి వాటం వాళ్లలాగా అటు తిప్పి ఊపమన్నాడు. ఒకే వైపు ఊపి ఊపి బిగుసుకున్న వీపు అక్కడ విడిపోయింది. నాలుగైదు నిమిషాలకోసారి పది గుంజీలు, మధ్యలో ఓఆర్ఎస్ నీళ్లు. నా బ్యాగులో కర్రకు తగిలించే బరువు రింగ్ చూసి, "ఇది ఇప్పుడు వాడుకోండి సార్, టీ మీదకు మాత్రం వద్దు. రౌండ్ మొదలయ్యాక దాంతో ఊపితే పెనాల్టీ" అని గుర్తుచేశాడు. అక్షరాలా నిజం, రూల్లో ఉన్న మాట. టై కట్టుకున్నవాళ్లకు తెలియని రూల్ ఈ కుర్రాడికి తెలుసు.

పేరు పిలిచేసరికి నా ఒళ్లు సిద్ధంగా ఉంది. మొదటి దెబ్బ ముప్పావు ఊపుతో కొట్టాను, బంతి ఫెయిర్‌వే (టీకీ హోల్‌కీ మధ్య కత్తిరించిన పచ్చిక దారి) మధ్యలో పడింది. మొదటి మూడు హోల్స్ అట్లాగే ముప్పావు ఊపుతోనే ఆడాను, ఆ తర్వాతే పూర్తి ఊపు. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ప్రాక్టీస్ చేసే వీల్లేనందువల్ల మొదట్లో రెండు పుట్‌లు పొట్టిగా ఆగాయి. ఆ రెండూ క్లబ్బు ఖాతాలో వేస్తాను. చివరి తొమ్మిది హోల్స్‌లో నా కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు ఇద్దరి బంతులు టీ నుంచి నేను కొట్టిన బంతి కంటే వెనకే ఉండిపోయాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మనవాళ్లకు నేను చెప్పేది: ఎంట్రీ కట్టేముందే ఫోన్ చేసి రేంజ్ ఉంటుందా, గెస్టులకు ఎన్నింటి దాకా తెరుస్తారు, లోకల్ రూల్స్ కాగితం ఎక్కడ దొరుకుతుంది అని అడగండి. వీలైతే రాతలో తీసుకోండి. వార్మప్ టీ టైమ్‌కి దగ్గరగా పెట్టుకోండి, వాయిదా పడితే మళ్లీ చేయండి. క్యాడీకి క్లబ్బు రేటు ఇచ్చి చేతులు దులుపుకోకండి. నేను నిన్న రెండింతలు ఇచ్చాను, స్టూలు తెచ్చిన పెద్దాయనకు కూడా విడిగా ఇచ్చాను.

కమిటీకి ఉత్తరం రాత్రే రాసి పెట్టాను. టోర్నమెంటు రోజు కనీసం గంటసేపు గెస్టులకు కూడా రేంజ్ తెరవాలి. అది కుదరకపోతే టీకి దగ్గర్లో ఒళ్లు కదిలించుకోవడానికి ఒక చోటు చూపించాలి. లోకల్ రూల్స్ అచ్చువేసి స్కోర్ కార్డుతోపాటు చేతికివ్వాలి. ఈ మూడే అడిగాను. పార్కింగ్ దగ్గర అన్న మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాశాను. సోమవారం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, జవాబు ఏమొచ్చినా ఇక్కడే రాస్తాను.