లైవ్ ఎట్ లీడ్స్: ఆ చిటపటల వెంట పడ్డ నా అనుభవం

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేసేటప్పుడు నా మధ్యాహ్నం భోజనం ఎక్కువగా యూనివర్సిటీ రిఫెక్టరీలోనే. అక్కడున్న నీలం ఫలకాన్ని కొన్ని నెలల తర్వాత, వాన తగ్గేదాకా ఆగాల్సొచ్చి, అప్పుడు చదివాను. 1970 ఫిబ్రవరి 14న ది హూ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఈ హాల్లోనే వాయించింది, వాళ్ల కచేరీ ఆల్బమ్ 'లైవ్ ఎట్ లీడ్స్' రికార్డయింది ఇక్కడే. నేను రోజూ పళ్లెం పట్టుకుని తిరిగే చోటు!

మా ఇంటి ఓనర్‌కి చెప్తే ఆయన అటక మీంచి ఆ ఆల్బమ్ అప్పటి ఎల్పీ తీసిచ్చారు. గోధుమ రంగు అట్ట, బొమ్మా గిమ్మా ఏం లేదు, పేరు కూడా రబ్బరు స్టాంపుతో కొట్టిందే. అనుమతి లేకుండా అమ్మే దొంగ రికార్డులా కనిపించాలని కావాలనే అలా చేశారట. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా ప్లేయర్ మీద ముల్లు పెట్టగానే పాటల మధ్య చిట్ చిట్ మని చప్పుడు. నాకు ఒకటే టెన్షన్, పెద్దాయన అంత అపురూపంగా దాచుకున్న రికార్డు నా ముల్లు వల్ల గీసుకుపోయిందని. మెత్తటి గుడ్డతో తుడిచాను, కొత్త ముల్లు తెప్పించి మార్చాను, అయినా సరిగ్గా అవే చోట్ల అదే చప్పుడు. చివరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రికార్డు చేతిలోకి తీసుకుని మధ్యలో ఉన్న లేబుల్ నా ముందు పెట్టారు. చేత్తో రాసినట్టున్న అక్షరాలు: చిటపటలు వస్తే పర్లేదు, సరిచేయొద్దు అని! అవి అసలు టేపులోనే ఉన్నాయి. అప్పటికిగానీ నా ప్రాణం కుదుటపడలేదు.

తర్వాత ఇదే ఆల్బమ్ 2001 డీలక్స్ ఎడిషన్, రెండు సీడీలది, కొన్నాను. చిటపటలు లేవు. ఒక చెవిలో జాన్ ఎంట్విసిల్ బేస్, ఇంకో చెవిలో పీట్ టౌన్షెండ్ గిటార్, మధ్యలో కీత్ మూన్ డ్రమ్స్ అంత విడివిడిగా వినిపిస్తుంటే, ముగ్గురూ ఎవరికి వాళ్లు పరిగెడుతూ కూడా ఎలా కలిసుంటున్నారో మొదటిసారి అర్థమైంది. ఎల్పీలో ఉన్నవి ఆరే పాటలు, ఇందులో దాదాపు కచేరీ అంతా ఉంది.

కానీ వరస మార్చేశారు, నాకు నచ్చనిది అదొక్కటే. ఆ రాత్రి మధ్యలో వాయించిన, పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పే 'టామీ' మొత్తాన్ని విడిగా రెండో సీడీలో పెట్టారు. దాంతో కంప్యూటర్‌లో ఎక్కించుకుని నేనే సర్దుకున్నాను: మొదటి సీడీలో 'ఎ క్విక్ వన్' అయ్యేదాకా వినాలి, అక్కణ్నుంచి రెండో సీడీ మొత్తం, ఆ తర్వాత మళ్లీ వెనక్కొచ్చి 'సమ్మర్‌టైమ్ బ్లూస్' నుంచి చివరిదాకా. ఈ డీలక్స్ ఉన్నవాళ్లు తప్పకుండా ఇలా ఒకసారి వినండి. ఎల్పీలో విన్నప్పుడు 'సమ్మర్‌టైమ్ బ్లూస్' నాకు మామూలు హుషారు పాటే. అంతసేపు టామీ కథలో మునిగున్నాక వింటే మాత్రం, కట్లు తెంచుకుని ఒక్కసారిగా బయటపడ్డట్టు ఉంటుంది.

ఒక శనివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రిఫెక్టరీలోనే ఓ మూల కూర్చుని మొదటి నుంచి విన్నాను. పద్నాలుగు నిమిషాలు దాటే 'మై జనరేషన్'లో టౌన్షెండ్ ఒక్క తీగ మీటి ఆగుతాడు, అది హాల్లో ఎక్కడో తగిలి తిరిగొచ్చినట్టుంటుంది, అప్పుడు మళ్లీ మీటుతాడు. ఆ చోట తలెత్తి, ఎదురుగా ఉన్న గోడనే చాలాసేపు చూశాను.