చిన్నాయన తపస్సు మాను, నా సెకండ్‌హ్యాండ్ కెమెరా

ప్రతి ఎండాకాలం మా ఊళ్ళో భారతం జరుగుతుంది. పుత్తూరు, కార్వేటినగరం వైపు వాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. అర్జునుడి తపస్సు రోజు, అర్జునుడి వేషంలో పద్యాలు పాడుతూ పొడవాటి మాను (స్తంభం) ఎక్కేది మా చిన్నాయన. పోయినేడు దిగి వచ్చి, మోకాళ్ళకి బామ్ పూసుకుంటూ, "ఇంకొక్క తూరి ఎక్కుతా పాపా, అంతే. ఆ తర్వాత ఎవుడన్నా చిన్నోడు చూసుకుంటాడు" అన్నాడు.

అప్పటికి నా దగ్గరున్నది ఫోన్‌లో తీసిన వీడియో ఒక్కటే. అందులో చిన్నాయన మాను చివర చీమలా ఉన్నాడు. పద్యం ఒక్క ముక్క వినపడదు. నా పక్కన నిలబడ్డ ఆవిడ తన కోడలి గురించి చెప్పినదంతా మాత్రం పొల్లుపోకుండా రికార్డయింది.

తిరుపతిలో నాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్ళి పత్రికల పని మీద స్టూడియో వాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళలో ఒక అన్నని అడిగితే మిర్రర్‌లెస్ (లెన్స్ విడిగా మార్చుకునే కెమెరా) కొనమన్నాడు. బొమ్మ అద్భుతంగా వస్తుంది, కాదనను. కానీ మాను చివరిదాకా అందే జూమ్ లెన్స్ కొనాలంటే కెమెరా కన్నా దానికే ఎక్కువ పెట్టాలి. పైగా ఆ రకం పాత మోడళ్ళు చాలావాటిలో వీడియో 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతుంది, ఎండలో కెమెరా ఒళ్ళు కాలిపోతుంది. నా చేతిలో ఉన్నది 20 వేలు. వీడియో కోసమే చేసిన క్యామ్‌కార్డర్లని పెద్దగా ఎవరూ అడగని కాలం ఇది, నాలాంటి వాళ్ళకి అదే కలిసొచ్చింది.

ఆన్‌లైన్‌లో ఐదారు వేలకి "4కె, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్" అని కనిపించేవి ఉంటాయి. ఆకారం చూస్తే క్యామ్‌కార్డరే, లోపల లెన్స్ కదలదు. జూమ్ అంతా డిజిటల్, అంటే ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీయడం. ఆప్టికల్ జూమ్ (లెన్సే కదిలి దగ్గరికి తెచ్చేది) ఎంత అన్న ఒక్క ప్రశ్న అడిగితే సగం సరుకు అక్కడే పక్కకి పోతుంది.

సోనీ సిఎక్స్405 అందరికీ తెలిసినదే, 30ఎక్స్ ఆప్టికల్ జూమ్, చేతిలో బరువే తెలియదు. దాదాపు కొనేశాను. చివర్లో చూస్తే దానికి మైక్ జాక్ లేదు! కెమెరా తెచ్చుకున్నాక మైక్ పెట్టుకుందాంలే అనుకునేవాళ్ళు ముందు ఆ రంధ్రం ఉందో లేదో తడిమి చూడండి. పానసోనిక్ వి785కి మైక్ జాక్, హెడ్‌ఫోన్ జాక్ రెండూ ఉన్నాయి గానీ ధర నాకు అందలేదు. కెనాన్ లెగ్రియా ఆర్806కీ రెండూ ఉన్నాయి, జూమ్ 32ఎక్స్. దాని కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయాను.

అక్కడ ఒకతను అదే కెమెరాకి అక్కలాంటిది, అమెరికా నుంచి వచ్చిన విక్సియా, రెండు వేలు తక్కువకే ఇస్తానన్నాడు. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఆన్ చేస్తే తెర మీద వెలుగు అలల్లా కదులుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు ఊగుతుంది), ఆ కెమెరా అక్కడి 60కి తగ్గట్టు చేసింది. బంధువులు అమెరికా నుంచి తెస్తామంటే ఇది గుర్తుపెట్టుకోండి. పక్క షాపులో లెగ్రియా సెకండ్‌హ్యాండ్‌ది 14 వేలకి దొరికింది. బ్యాటరీ అప్పటికే ముసలిది, కొత్తది వేరే కొన్నాను.

ఇక మైక్. కెమెరా మీద గన్ మైక్ (ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టే పొడుగు మైక్) పెట్టమని స్టూడియో అన్న ఇచ్చిన సలహా. అది నా బుర్రకి ఎక్కలేదు. గొంతుకి మైక్ ఎంత దూరం పోతే శబ్దం అంత పలచబడుతుంది, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న బూరలు, పిల్లల ఏడుపులు మాత్రం తగ్గవు. నలభై అడుగుల కింద నిలబడి ఎంత మంచి మైక్ పెట్టినా నాకు మళ్ళీ ఆ కోడలి కథే. మైక్‌సెట్ అబ్బాయి యాంప్లిఫయర్ నుంచి వైరు ఇస్తానన్నాడు. ఆ సిగ్నల్ కెమెరా మైక్ జాక్ తట్టుకునేది కాదు, శబ్దం పగిలిపోతుంది. వద్దన్నాను.

వెయ్యి లోపు బోయా ఎం1 కాలర్ మైక్ కొన్నాను. వైరు 6 మీటర్లు, హరికథకి సరిగ్గా సరిపోతుంది. మొదటిరోజే పరువు తీసుకున్నాను. దానికి చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు ఫోను, ఒకవైపు కెమెరా. కెమెరా వైపు పెడితేనే లోపలి బటన్ బ్యాటరీ పనిచేస్తుంది. నేను ఫోను వైపే వదిలేసి, చెవిలో హెడ్‌ఫోన్ కూడా పెట్టకుండా మూడు గంటలు తీశాను. ఇంటికొచ్చి వింటే భాగవతార్ గొంతు బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. హెడ్‌ఫోన్ జాక్ కావాలని ఏరి కోరి కొన్నది నేనే!

తపస్సు రోజు ఆరు మీటర్ల వైరు ఎందుకూ పనికిరాదు కదా. వైర్‌లెస్‌కి డబ్బుల్లేవు. పాత ఫోన్ ఒకటి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి (మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది), మైక్ దానికి గుచ్చి, చిన్నాయన నడుముకి గుడ్డతో కట్టేశాను.

"ఏంది పాపా ఈ నల్లది, తేలు మాదిరి?"

"మైక్ చిన్నాయనా. నువ్వు మామూలుగా పాడు."

మొదట రొమ్ము మీద పెడితే రుద్రాక్షలు తగిలి టక్ టక్ అంది. తీసి భుజం దగ్గర లోపలివైపు ప్లాస్టర్‌తో అతికించాను. ఎక్కే ముందు ఆయన చేత కెమెరా ఎదురుగా ఒక చప్పట కొట్టించాను, తర్వాత బొమ్మని, శబ్దాన్ని ఆ చప్పట దగ్గర కలపడానికి. రెండు గంటల వీడియో చివరికొచ్చేసరికి ఫోన్‌లోని శబ్దం, కెమెరాలోని బొమ్మ కొన్ని ఫ్రేములు ఎడమయ్యాయి. మధ్యలో రెండుచోట్ల కోసి సర్దాను.

రాత్రి ఇంట్లో టీవీకి పెట్టి చూపించాను. మాను మీంచి నిమ్మకాయలు విసిరేటప్పుడు చిన్నాయన వేళ్ళ మధ్య విభూతి కూడా కనిపిస్తోంది. మెట్టు మెట్టుకీ ఆయన ఊపిరి, గొంతు సవరించుకోవడం, మాను కిర్రుమనడం. పిన్ని నోరు మూసుకుని చూస్తోంది. చిన్నాయన మాత్రం ఒకచోట రిమోట్ అడిగాడు. వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నాడు.

"ఆడ రెండో పాదం ఎగరగొట్టేసినా. మైక్‌సెట్ గోలలో ఇన్నేండ్లూ ఎవురికీ తెలీలా" అన్నాడు. "అది కోసెయ్ పాపా."