పాత వి8 ఇంజన్‌కి క్యామ్ ఎంచుకోవడం: నా అనుభవం

బ్లాక్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ వరకు నాకు పెద్దగా ఆలోచించే పని పడలేదు. అసలు టెన్షన్ క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్, పొట్టిగా క్యామ్) దగ్గర మొదలైంది. ఎవర్ని అడిగినా పెద్ద క్యామ్ వేసేయ్, ఐడిల్‌లో సౌండ్ అదిరిపోద్ది అంటారు. సౌండ్ సరే, బండి రోజూ రోడ్డు మీద తిరగాలి కదా. డ్యురేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే కాలం (క్రాంక్ తిరిగే డిగ్రీల్లో), ఎక్కువైతే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎమ్‌లో పిస్టన్ పైకి వస్తూ లోపలికొచ్చిన మిశ్రమాన్ని కొంత వెనక్కి మ్యానిఫోల్డ్‌లోకే నెట్టేస్తుంది. పైగా ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం, పెరిగితే ఐడిల్ వాక్యూమ్ పడిపోతుంది, పవర్ బ్రేకులు ఆ వాక్యూమ్ మీదే ఆధారపడతాయి. నా కంప్రెషన్ 9:1 దగ్గర్లోనే ఉంది కాబట్టి 212 డిగ్రీల డ్యురేషన్ దగ్గర ఆగిపోయాను. ఈ అంకె 0.050 అంగుళాల లిఫ్ట్ (క్యామ్ ట్యాపెట్‌ని పైకి లేపే ఎత్తు) దగ్గర కొలిచినది. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేసే డ్యురేషన్‌తో రెండు క్యామ్‌లను పోల్చొద్దు, ఎంత లిఫ్ట్ నుంచి లెక్క మొదలుపెట్టాలనేది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

తర్వాత, క్యామ్ మీద ఆనే ట్యాపెట్ (లిఫ్టర్) అడుగు చదునుగా ఉండే ఫ్లాట్ రకమా, చక్రం ఉండే రోలరా? ఫ్లాట్ చవక, కానీ జింక్ ఉన్న ఆయిల్ పోయాలి, మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎమ్ పైన 20–30 నిమిషాలు నడపాలి, లేదంటే లోబులు (క్యామ్ మీద వాల్వుని ఎత్తే ఉబ్బులు) అరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ భయం వద్దనుకుని రోలర్‌కే వెళ్లాను. దానికీ కొసరు ఖర్చులున్నాయి: లిఫ్టర్ పొడవు ఎక్కువ కాబట్టి పుష్‌రాడ్‌లు (లిఫ్టర్ కదలికను పైన రాకర్‌కి అందించే కడ్డీలు) పొట్టివి కావాలి, క్యామ్ ముందుకు జరగకుండా బటన్ అనే చిన్న అడ్డు పెట్టాలి, స్టీల్ క్యామ్ అయితే డిస్ట్రిబ్యూటర్ గేర్ కూడా దానికి సరిపడేది మార్చాలి. గేర్ సంగతి చాలామంది మర్చిపోతారు.

వాల్వ్ స్ప్రింగుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పాతవి బాగానే ఉన్నాయిగా అనిపిస్తుంది, కానీ లిఫ్ట్ పెరిగినప్పుడు చుట్లు ఒకదానికొకటి తగిలిపోతే పుష్‌రాడ్‌లు వంగుతాయి. నా క్యామ్ లోబ్ లిఫ్ట్ 8 మి.మీ., రాకర్ (పుష్‌రాడ్ నెడితే వాల్వుని నొక్కే మీట) నిష్పత్తి 1.5, అంటే వాల్వ్ దగ్గర 12 మి.మీ. అదే 1.6 రాకర్లు వేస్తే 12.8. ఆ పూర్తి లిఫ్ట్ దగ్గర కూడా స్ప్రింగ్‌కి ఇంకో 1.5 మి.మీ. నలిగే చోటు మిగలాలని పెట్టుకున్నా. స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే రిటైనర్ కిందికొచ్చి వాల్వ్ గైడ్ సీల్‌కి తగులుతుందేమో కూడా చూశాను.

క్రాంక్‌కి డిగ్రీ వీల్ (డిగ్రీలు గీసిన చక్రం) పెట్టి కొలిస్తే ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే స్థానం) క్యామ్‌తో వచ్చిన కార్డులో ఉన్న 106కి బదులు 108 వచ్చింది. టైమింగ్ స్ప్రాకెట్‌లో వేరే కీవే (గాడి) వాడి క్యామ్‌ని రెండు డిగ్రీలు ముందుకు జరిపాను. అలా జరిపితే ఇన్‌టేక్ వాల్వ్ పిస్టన్‌కి దగ్గరవుతుంది, కాబట్టి పిస్టన్ మీద క్లే పెట్టి, చేత్తో ఇంజన్ తిప్పి, ముద్ర పడ్డ చోట కోసి మందం కొలిచాను. ఇన్‌టేక్ వైపు కనీసం 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉండాలనుకున్నా, రెండూ అంతకన్నా ఎక్కువే వచ్చాయి. పుష్‌రాడ్‌ల పొడవు మాత్రం అడ్జస్టబుల్ పుష్‌రాడ్‌తో కొలిచి, రాకర్ రాసుకున్న గీత వాల్వ్ కొస మధ్యలో పడ్డాకే ఆర్డర్ పెట్టాను.