కొత్త క్లాసు బెరుకుకు మందు హాజరుపట్టీలో ఉంది

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు బళ్లలో కొత్తగా చేరే మేస్టర్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: గట్టిగా ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్లిపో. తప్పు సలహా కాదు. గుండె దడ, నోరెండిపోవడం భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ చేసే పని. ఊపిరి నెమ్మదిగా వదిలితే దడ కొంత దిగుతుంది, రెండు గుక్కల నీళ్లతో గొంతు తడుస్తుంది. కానీ తలుపు దాటాక ఏం మాట్లాడాలో తెలియకపోతే దడ మళ్లీ మొదలు. అందుకని మొదటి పది నిమిషాలు ముందే ఖాయం చేసుకోవాలి.

అందులో పేర్లది పెద్దపీట. హాజరుపట్టీని పిల్లల ఎదుటే మొదటిసారి తెరిస్తే చిక్కుల్లో పడ్డట్టే. సాహు, పాత్రో, సబర్, గమాంగో లాంటి ఇంటిపేర్లు పేరు చివర వస్తాయి. మన తెలుగు పిల్లల ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరమే. పట్టీ ఒడియాలో ఉంటే ఇంకో మెలిక: బకారానికీ వకారానికీ మామూలుగా ఒకే అక్షరం, ఎ-ఏ, ఒ-ఓ తేడా రాతలో కనిపించదు. మన వెంకటేశు అక్కడ బెంకటేశ్. మీరూ అలాగే చదివితే వెనక బెంచీ కిసుక్కుమంటుంది, సగం ధైర్యం అక్కడే పోతుంది. ముందురోజు సాయంత్రమే పట్టీ అడిగి తీసుకుని, కిందటేడు ఆ క్లాసు చూసిన టీచరు పక్కన కూర్చుని పేర్లన్నీ పైకి చదవండి. అనుమానమున్నవి తెలుగులో విడి కాగితం మీద రాసుకోండి. రిజిస్టరులో పెన్సిల్ గీతలు ఏ హెడ్మాస్టరుకీ నచ్చవు. పిలిచినప్పుడు కొందరు ‘ఎస్ సార్’ అంటారు, కొందరు ‘ఆజ్ఞా’ అంటారు. రెండూ మర్యాదే, మొదటిరోజే దిద్దబోకండి.

మీ ఒడియా అంతంతమాత్రమైతే దాచుకోనక్కర్లేదు. కూర్చోమనడానికి బస, వినమనడానికి శుణ, రాయమనడానికి లేఖ, పుస్తకం తెరవమనడానికి బహి ఖోల. ఆ రోజుకి ఇవి చాలు. చివరి అచ్చును మాత్రం మింగకండి, ‘లేఖ్’ అంటే అది హిందీ యాస. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలుంటే వాళ్లకు ఒడియా, తెలుగు రెండూ బయటి భాషలే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని ఆ భాషలో వాచకాలే రాశారు. మనం నాలుగు మాటలకు బద్ధకిస్తే ఎలా?

ఖాళీ గదిలో ఒకసారి బోర్డు మీద రాసి, వెనక బెంచీ దాకా వెళ్లి చూడండి. అక్షరం రెండంగుళాల ఎత్తు లేకపోతే అక్కడికి ఆనదు. కిటికీ వెలుతురు పడి బోర్డు ఏ మూల మెరుస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది, ఆ మూల వదిలేయండి. కొత్త సుద్దముక్కను విరిచి సగమే పట్టుకోండి. పొడుగు ముక్క బోర్డు మీద అదిరి కీచుమంటుంది.

హాజరయ్యాక ఉపన్యాసం వద్దు. తలా ఒక అరకాగితం ఇచ్చి, ఏమని పిలవాలో, ఇంట్లో ఏ భాషో, బడికి ఎలా వస్తారో రాయమనండి. కింద కిందటి తరగతి లెక్క ఒకటి. ఐదు నిమిషాలు చాలు. ఈలోగా మీ చూపుకి, చేతులకి పని ఉంటుంది: బెంచీల పటం గీసి ఎవరెక్కడ కూర్చున్నారో నింపుకోండి. ఒడియా మీడియం నుంచి వచ్చినవాళ్లు ఒడియా అంకెలు వేస్తే తప్పు కొట్టకండి, జవాబు చూడండి.

భయంలో మాట పరుగెడుతుంది. నలభై నిమిషాలకని రాసుకున్న పాఠం పాతికకే అయిపోతుంది, కాబట్టి మిగులు పని రెండు చేతిలో ఉంచుకోండి. ప్రశ్న వేసి ఒక్క క్షణం కూడా ఆగకపోవడం ఇంకో జబ్బు. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. ఒక భాషలో విని ఇంకో భాషలో కూర్చుకునే మన పిల్లలకు ఐదు ఇవ్వండి, లోలోపల లెక్కపెడుతూ. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు, ‘ఆఁ సార్’ అని కోరస్ వస్తుంది, అంతే. ఒక లెక్క ఇచ్చి నోటుబుక్కులు చూస్తూ బెంచీల మధ్య తిరగండి.

వేసవి సెలవుల తర్వాత బళ్లు తెరిచేది జూన్‌లో, రేకుల గదిలో వాన మొదలైతే ఎంత అరిచినా వినబడదు. అరిచి గొంతు పోగొట్టుకునే బదులు బోర్డు మీద రాసి చేయించే పని ఒకటి అట్టేపెట్టుకోండి.

‘మొదటిరోజే బెత్తం చూపించు’ అనే పెద్దలు స్టాఫ్‌రూమ్‌లో ఒకరుంటారు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అల్లరి ఎక్కువైతే మాట ఆపేసి, అల్లరి చేసేవాడి పక్కకు నడిచి నిలబడండి, మీ దగ్గర పటం ఉంది కాబట్టి పేరు పెట్టి మెల్లగా పిలవండి.

అరకాగితాలు ఆ రాత్రే చూడండి. లెక్క తప్పినవాళ్లు మూడో వంతు దాటితే మర్నాడు కొత్త పాఠం ఎత్తుకోకుండా ఆ లెక్కతోనే మొదలుపెట్టండి.