చేపల రక్తపరీక్ష కోసం నేను పడ్డ మాట

మా చెరువులో చేపలు మేత సగానికి తగ్గించి నాలుగు రోజులైనా ఒంటి మీద పుండు గానీ మచ్చ గానీ కనిపించకపోవడంతో, లోపలి సంగతి రక్తపరీక్షలోనే తేలుతుందని నిశ్చయించుకున్నాను. రక్తం తీయడం నేను భయపడినంత కష్టం కాలేదు. ముందు రోజు మేత ఆపి, లవంగ నూనె కలిపిన నీటిలో చేపకు మత్తు వచ్చాక వెల్లకిలా పడుకోబెట్టి, మలద్వారం దగ్గరి రెక్క వెనుక నడిమి గీత మీద సూదిని వెన్నుపూస తగిలేదాకా దించి, కాస్త పైకి లాగితే తోక సిర దొరుకుతుంది. ఆరో చేపకు వచ్చేసరికి నిమిషంలోపే పని ముగించాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే వలలో పడ్డ కొద్ది నిమిషాలకే బెదురుకు ఊరే కార్టిసాల్ హార్మోను, దాని వెనుకే గ్లూకోజ్ పెరుగుతాయి కనుక, ఆలస్యమైతే రిపోర్టులో చేప బెదురే కనిపిస్తుంది.

అసలు కష్టం ల్యాబులో మొదలైంది. మనుషుల రక్తం పరీక్షించే చోట నమూనాలు ఇచ్చి సాయంత్రం రిపోర్టు కోసం వెళితే, తెల్లకణాలు నమ్మశక్యం కానంత ఎక్కువగా వచ్చాయని, నమూనా నా చేతుల్లోనే పాడైందని, "రక్తం తీయడం రానివారు ఇలాంటి పనులు పెట్టుకోకూడదు, మా మిషను తప్పు చూపదు" అని అక్కడి పెద్ద పదిమంది ముందు గట్టిగా అన్నాడు. తలదించుకుని వచ్చి, మరో ఆరు చేపలకు మత్తు ఇచ్చి మళ్ళీ రక్తం తీసుకెళ్ళాను. అవే అంకెలు వచ్చాయి, అవే మాటలు మళ్ళీ పడ్డాను. ఆ రాత్రి నా చేతి మీద నాకే నమ్మకం పోయింది.

చివరకు చేపల వైద్యం తెలిసిన ఒకావిడ అదే రక్తాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూడమన్నారు. కోడిగుడ్డు ఆకారపు ఎర్రకణాలు, ప్రతి కణం నడుమ ఊదారంగు కేంద్రకం! మనిషి రక్తంలో పరిణతి చెందిన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు, చేపకు ఉంటుంది. యంత్రం ఎర్రకణాలను కరిగించి మిగిలిన కేంద్రకాలను తెల్లకణాలుగా లెక్కపెట్టింది. ఆవిడ కణాలకు రంగు పట్టించే నాట్-హెరిక్ ద్రావణం కలిపి, హీమోసైటోమీటర్‌లో, అంటే కణాలు లెక్కించే గళ్ళ గాజు పలకలో, ఓపికగా చేతితో లెక్కించగా, ఆరోగ్యంగా ఉన్న మరో చెరువు చేపలతో పోలిస్తే తెల్లకణాల్లో పెద్ద తేడా లేదు, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, మాత్రం బాగా తక్కువగా ఉంది. రక్తహీనత అన్నమాట. రెండు చెరువుల చేపలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప, మొప్పలు పాలిపోయిన సంగతి నా కంటికి ఆనలేదు.

నమూనా ఇచ్చే ముందు, కణాలను చేతితో లెక్కిస్తారా అని అడగండి. మిషను చూసుకుంటుందని బదులిస్తే గొట్టాలు వెనక్కి తీసుకుని వచ్చేయండి. రక్తాన్ని గొట్టంలో పెట్టి యంత్రంలో వేగంగా తిప్పి చూసే హెమటోక్రిట్‌కు ఈ చిక్కు లేదు. చేపలన్నిటికీ పనికొచ్చే ఒకే ప్రామాణిక అంకె లేదు. జాతి, వయసు, నీటి వేడిమిని బట్టి అది మారుతుంది. అందుకే ఇప్పుడు చేపలు చురుకుగా ఉన్న రోజుల్లోనే ఆరు చేపల రక్తం తీసి, వాటి బరువు, నీటి ఉష్ణోగ్రతతో సహా అంకెలు పుస్తకంలో రాసిపెడుతున్నాను.