మిశ్రమ వంశం క్యారెక్టర్లు: మూడో డ్రాఫ్ట్ ఎక్కడిదాకా వచ్చింది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని ఆడే కథల ఆట, మా దగ్గర దాన్ని నడిపేది నేను. మా క్యాంపెయిన్‌లో (సెషన్ల మీద సాగే కథలో) ఒక ప్లేయర్ తల్లి డ్వార్ఫ్ (పొట్టి, దృఢమైన జాతి), తండ్రి ఎల్ఫ్ (దీర్ఘాయుష్షు ఉన్న జాతి) అయిన అమ్మాయిని ఆడతానంది. 2014 డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్‌లో హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఆర్క్ ఉన్నారు కానీ రెండిట్లోనూ రెండో సగం మనిషే. 2024 పుస్తకంలోనైతే ఆ రెండూ కూడా లేవు, ఆర్క్ అనే జాతి నేరుగా వచ్చి చేరింది. సరే, నేనే రాసుకుందాం అని కూర్చున్నాను. ఒక సాయంత్రం పని అనుకున్నాను.

మొదటి డ్రాఫ్ట్: సగటు

అన్నీ కూడి రెండుతో భాగించాను. 2014 లెక్కలో డ్వార్ఫ్ వేగం 25 అడుగులు, ఎల్ఫ్‌ది 30. సగటు 27.5. మ్యాప్‌లో ఒక్కో గడి 5 అడుగులు కాబట్టి ఈ అమ్మాయి అయిదున్నర గళ్లు నడవాలి. మినియేచర్‌ని గీత మీద నిలబెట్టి చూశాను, అందరూ నవ్వారు. ఆయుష్షు కూడా అంతే, హాఫ్-ఎల్ఫ్‌నే చూడండి. ఎల్ఫ్ 750 ఏళ్ల దాకా బతకొచ్చు, మనిషి వందేళ్లు, సగటు 425. కానీ ఆ పుస్తకం హాఫ్-ఎల్ఫ్‌కి చెప్పింది 180 దాటుతుందని మాత్రమే. అంటే రాసినవాళ్లే సగటు తీయలేదు! డ్వార్ఫ్ విషనిరోధంలో సగం, ఎల్ఫ్‌లు నిద్రకి బదులు చేసే ధ్యానంలో సగం అంటూ వచ్చిన క్యారెక్టర్ రెంటికీ చెడ్డ రేవడి అయింది. పక్కన పడేశాను. వేగంలో ఎక్కువున్నదే తీసుకోమన్నాను, ఆ రూల్ ఇప్పటికీ ఉంది.

రెండో డ్రాఫ్ట్: పాయింట్లు

ప్రతి గుణానికీ ధర పెట్టి 10 పాయింట్లు ఇచ్చాను. ఇంకో ప్లేయర్ అయిదు నిమిషాల్లో ఆర్క్-హాఫ్‌లింగ్ (హాఫ్‌లింగ్ అంటే చిన్న మనుషుల్లాంటి జాతి) తయారుచేశాడు. ఒకవైపు నుంచి సున్నాకి పడాల్సిన చోట 1 హిట్ పాయింట్‌తో (ప్రాణబలం లెక్క) నిలబడే గుణం, ఇంకోవైపు నుంచి డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 1 పడితే మళ్లీ వేసుకునే అదృష్టం. మిగతావేవీ వద్దట. క్యారెక్టర్ బలంగానే ఉంది, కానీ ఇతని అమ్మ ఎవరు, నాన్న ఎవరు అంటే జవాబు లేదు. ధరలు సరిచేస్తూ రెండు వారాలు స్ప్రెడ్‌షీట్‌తో కుస్తీ పట్టాను. దండగ.

మూడో డ్రాఫ్ట్: మూడు కార్డులు

ఇప్పుడు నడుస్తున్నది ఇదే. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, పెంపకం నుంచి ఒకటి. ఒక వైపు నుంచి పెద్ద గుణం తీసుకుంటే రెండో వైపు నుంచి చిన్నదే తీసుకోవాలి. చీకట్లో చూపు లెక్కలోకి రాదు, ఇద్దరిలో ఎవరికున్నా ఉచితం. ఎలాగూ సగానికి పైగా జాతులకి అది ఉంది.

కార్డులు రాయడంలో అసలు కష్టం ఏది ఒంట్లో ఉన్నదో, ఏది నేర్చుకున్నదో విడదీయడం. 2014లో హై ఎల్ఫ్‌గానో వుడ్ ఎల్ఫ్‌గానో పుడితే చాలు, కత్తీ విల్లూ వచ్చేసేవి. అది పుట్టుకతో ఎలా వస్తుంది? పెంపకం కార్డులో వేశాను. డ్వార్ఫ్‌ల స్టోన్‌కన్నింగ్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. 2014లో అది రాతి కట్టడాల చరిత్ర తెలియడం, అంటే చదువు. 2024లో అదే పేరుతో రాతి మీద కాలు పెడితే 60 అడుగుల లోపు కదలికలు పది నిమిషాల పాటు తెలుస్తాయి, అంటే ఒళ్లు. నేను కొత్తదాన్నే వంశం వైపు వేశాను. ఈ అమ్మాయి పెరిగింది నాన్న ఇంట్లో. రాతి పని చూసి ఎవరు కట్టారో చెప్పలేదు గానీ గోడ అవతల ఎవరో నడుస్తున్నారని చెప్పగలదు. అలాంటి క్యారెక్టర్ నాకు కావాలి.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నాను. 2023 రూల్స్‌లో అక్కడ మిశ్రమ వంశం తీసుకుంటే రెండో వైపు ఫీట్లకి (ప్రత్యేక సామర్థ్యాలకి) తలుపు తెరుచుకుంటుంది. 1, 5, 9, 13, 17 లెవల్స్‌లో ఏ వైపు నుంచైనా ఎంచుకోవచ్చు. మొదటి రోజే అన్నీ ఇవ్వక్కర్లేదు అనేది నాకు నచ్చింది. మా దగ్గర 5వ లెవల్‌లో ఇంకో చిన్న కార్డు.

మూడు సెషన్ల తర్వాత

ఆమె పెద్ద కార్డు విషనిరోధం, చిన్నది నాలుగు గంటల్లో లాంగ్ రెస్ట్ (రాత్రి పూర్తి విశ్రాంతి) అయిపోయే ఎల్ఫ్ ధ్యానం. విషం ఒక్కసారే వచ్చింది. సేవ్ (తప్పించుకునే డైస్ పరీక్ష) 15, ఆమెకి +3, అంటే డైస్ మీద 12 పడాలి. మామూలుగా 45 శాతం, ఆ కార్డు ఇచ్చే అడ్వాంటేజ్‌తో (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) దాదాపు 70. 4, 13 పడ్డాయి. 22 డ్యామేజ్ సేవ్‌తో 11 అయి, నిరోధంతో 5కి దిగింది. టేబుల్ అంతా కేకలు.

కానీ ధ్యానం ప్రతి రాత్రీ పనికొచ్చింది. ఆమె నాలుగు గంటల్లో లేచి కాపలా కూర్చుంటుంటే మిగతావాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. మూడో సెషన్‌కి నా రాత్రి దాడుల ప్లాన్లన్నీ ఆమెను దాటాల్సిందే. పెద్ద, చిన్న అని నేను కట్టిన విలువ యుద్ధంలో బలాన్ని బట్టి. ఎన్నిసార్లు వాడుకలోకి వస్తుందో చూడనే లేదు. ఇప్పుడు ప్రతి కార్డు వెనక వాడినప్పుడల్లా పెన్సిల్‌తో గీత పెడుతున్నాను. ధ్యానానికి ఏడు గీతలు, విషానికి ఒకటి. ఇంకో రెండు సెషన్లు చూసి ధ్యానాన్ని పెద్ద కార్డుల కట్టలోకి మారుస్తాను. ఆమెకి ముందే చెప్పాను, మొహం మాడ్చుకుంది.

తర్వాత వచ్చేది మనిషి-డ్రాగన్‌బోర్న్ (డ్రాగన్ వంశపు జాతి). డ్రాగన్ వైపు పెద్ద కార్డు నిప్పు ఊదడం, అందులో అనుమానం లేదు. మనిషి వైపు ఏం రాయాలో తేలడం లేదు. 2024లో మనుషులకి ఇచ్చినవి ఒక స్కిల్, ఒక ఫీట్, ప్రతి లాంగ్ రెస్ట్‌కీ ఒక ఇన్‌స్పిరేషన్ (డైస్ మళ్లీ వేసుకునే అవకాశం). ఒంట్లోంచి వచ్చేది ఒక్కటీ లేదు. ఆ కార్డు ఇంకా ఖాళీగానే ఉంది.